పానకం పోసిన తేనె జాడీ

జోగేశ్వరరావు భార్య పేరు రామతులసి. ఆ సంగతి తణుకు బజారులో అందరికీ తెలుసు, ఒక్క జోగేశ్వరరావు నోటికి తప్ప. పెళ్ళై ఆవిడ అత్తవారింట అడుగుపెట్టిన రోజు, పేరు చెబితేగాని లోపలికి రానివ్వనని ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడితే, "రామతులసితో వచ్చాను" అని ఒక్కసారి గొణిగాడు. అంతే. ఆ తరువాత అన్నీ "ఇదుగో"లూ, "ఏమేవ్"లే. బెల్లం కొట్లో కాటాకి కూడా లక్ష్మి అని పేరుపెట్టి పిలుచుకునే మనిషి! ఆ పేరు ఆయన నోట మళ్ళీ వినాలని ఇన్నేళ్ళుగా రామతులసి కోరిక. అడగవచ్చు. కానీ అడిగి పిలిపించుకుంటే అదేం పిలుపు?

ఆ ఏడు శ్రీరామనవమికి పానకం సగం బిందె మిగిలిపోయింది. ప్రసాదం పారబోస్తే కళ్ళు పోతాయి. తేనెలో వేసింది ఏదీ చెడదని అత్తగారు చెప్పిన మాట గుర్తొచ్చి, రామతులసి ఆ పానకాన్ని అడుగున తేనె ఉన్న పెద్ద జాడీలో పోసి, వాసెన కట్టి, ఆ సంగతే మరిచిపోయింది. రోహిణీ కార్తెలో సామాన్ల గదిలోంచి బుసబుసమని వినిపిస్తే పామనుకుని హడలిపోయింది. తీరా చూస్తే జాడీ. గుడ్డ విప్పేసరికి మాగిన అనాస వాసన, దాని వెనకాలే మిరియాలు, యాలకులు.

ఎదురింటి పల్లంరాజుగారు మిలటరీలో ఆఫీసర్ల మెస్సు నడిపి రిటైరైన మనిషి. పిలిచి రుచి చూపిస్తే, ఒక గుక్క తాగి కాసేపు కళ్ళు తెరవలేదు.

"ఇది మీడ్ అండి. తేనె పులియబెట్టి దొరలు తాగేది. మీరేంటండి, పానకంతో చేసేశారు!"

జోగేశ్వరరావు బిక్కమొహం వేశాడు. "మా ఇంటావంటా లేదండి. తాగితే తప్పు. రాముడి ప్రసాదం పారబోస్తే అంతకన్నా తప్పు."

"ప్రసాదం పుచ్చుకున్నట్టే పుచ్చుకోండి, కొంచెం కొంచెంగా" అని తీర్పు చెప్పి, పల్లంరాజుగారు గోళీసోడా, నిమ్మరసం, దంచిన అల్లం తెప్పించి కలిపి చూపించారు. "దీన్ని కాక్‌టెయిల్ అంటారండి."

రామతులసి చేయి తిరిగిన మనిషి. ఒక సందెవేళ కొబ్బరినీళ్ళతో కలిపింది, ఒకరోజు మామిడిరసంతో, ఇంకోరోజు గ్లాసులో లేత ముంజెలు వేసి. డాబా మీద చాప పరుచుకుని ఇద్దరూ తలో గ్లాసూ పట్టుకునేవారు. కాలవలకి అప్పుడే నీళ్ళొదిలారు. తడిమట్టి వాసనతో గాలి వచ్చేది. కొబ్బరాకులు కదులుతుంటే ఆకాశమే ఊగుతున్నట్టు ఉండేది, డాబా ఎటో మెల్లగా సాగిపోతున్నట్టు ఉండేది. బెల్లం ధర తప్ప మరో మాట ఎరగని మనిషి చిన్నప్పుడు ఈదిన కాలవ గురించి చెప్పాడు. ఒక సాయంత్రం చెయ్యెత్తి, "రామతులసీ, ఆ మబ్బు చూడు" అన్నాడు.

ఆవిడ మబ్బు చూడలేదు. ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున మళ్ళీ "ఇదుగో, కాఫీ". సాయంత్రం రామతులసి, పొద్దున ఇదుగో. రోజూ ఇదే వరస. పిలుస్తున్నది మొగుడా, జాడీయా? ఆ అనుమానం పట్టుకున్నాక ఆవిడకి ఆ తియ్యదనంలో చేదు తగిలింది. ఇంతలో జాడీ అడుగంటింది.

మర్నాడు సాయంత్రం రామతులసి ఆ సంగతి ఆయనకి చెప్పకుండా కొత్త తేనె, నిమ్మరసం, మిరియాలు, సోడా మాత్రమే కలిపి పైకి తెచ్చింది. గ్లాసు అందించి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది.

ఆయన ఒక గుక్క తాగాడు. గ్లాసు వంక చూశాడు. చీకటి పడుతోంది, కప్పలు అరుస్తున్నాయి, ఆయన నోట ఆ పేరు రావడం లేదు. అయిపోయింది, ఇన్నాళ్ళూ పిలిచింది జాడీయే అనుకుంది. ఏడుపొచ్చింది.

"జాడీ నిన్ననే అయిపోయింది కదూ" అన్నాడాయన.

"మీకెలా తెలుసండి?"

"పొద్దున మూత తీసి చూశాను." గ్లాసు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. "అది లేకుండా ఎలా పిలవాలా అని పొద్దుట్నించీ కొట్లో అదే ఆలోచన. రెండుసార్లు తూకం తప్పాను... రామతులసీ."

ఆవిడ పలకలేదు. పలక్కపోతే ఇంకోసారి పిలుస్తాడని.