బదులు ఊపిరి

"ఊదు! గట్టిగ ఊదు! నాటకాలా?"

వరంగల్ దవాఖానలో ఊపిరితిత్తుల పరీక్ష గది అది. గొట్టం నోట్లో పెట్టుకుని కట్టయ్య ఊదాడు. ఆరు సెకన్లు ఆపకుండా ఊదాలి. రెండో సెకనుకే దగ్గు ఎగదన్ని ముందుకు వాలిపోయాడు. అరిచింది డాక్టరు కాదు, క్రషర్ మేనేజర్ రాజేశ్వర్ రావు. పరీక్ష గదిలో మేనేజరుకేం పని అని అడిగే దిక్కు లేదు.

రఘునాథపల్లి అవతల రాళ్ళు పిండి చేసే క్రషర్‌లో కట్టయ్య పద్దెనిమిదేళ్ళు దుమ్ము తిన్నాడు. ఈ దగ్గు దుమ్ము జబ్బేనని ఇక్కడ తేలితేనే కంపెనీ వైద్యం చేయించాలి. లేదంటే ఇంటికి పోయి చావాలి.

రాజేశ్వర్ రావు ఒక ఫైలు తెచ్చి పరీక్ష చేసే దీప్తి ముందు పడేశాడు. "చూడండి మేడమ్. పోయినేడాది మా క్యాంపులో ఇతను ఊదింది. పడుచు పిల్లగానికి కూడా ఇంత ఊపిరి ఉండదు. ఈ దగ్గు యూనియనోళ్ళు నేర్పిందే."

తలుపు దగ్గర నిలబడ్డ తోటి కూలీ మహిపాల్ ఆ ఫైలును గుర్తుపట్టాడు. ఆ ఊపిరి తనది.

క్రషర్‌లో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ తట్ట ఇంకొకరు మోస్తారు. దాన్ని బదులు అంటారు. పోయినేడాది ఆ క్యాంపు పెట్టి "ఊదలేనోడు పనికి రావద్దు" అని మేస్త్రీ చెప్పినప్పుడూ అదే చేశారు. ఇరవై నాలుగేళ్ళ మహిపాల్ ముగ్గురు పెద్దవాళ్ళ పేర్ల మీద ఊదాడు. ముగ్గురి పనీ నిలిచింది. కట్టయ్య భార్య మొగిలమ్మ అతనికి కోడికూర వండిపెట్టింది కూడా. ప్రేమతో తవ్విన గొయ్యి అది. ఇప్పుడు అందులోకే కట్టయ్యను తోస్తున్నారు.

కింద వరండాలో కాచుకున్న అరవై మంది కూలీల దగ్గరికి దిగివచ్చి మహిపాల్ సంగతి చెప్పాడు. "పోయి నిజం జెప్పేస్త."

"వద్దురా," అన్నాడు రాజమల్లు. ఆయన పేరు మీదా మహిపాలే ఊదాడు. "నిన్ను జైల్ల ఏస్తరు. మా పనులు గూడ పోతయ్."

"చెప్పకపోతే కట్టయ్య కాక సస్తడు గదనే!"

"మరి మా పిల్లలేం గావాలె?"

మొగిలమ్మ లేచింది. "ఊపిరి బదులియ్యొచ్చని మురిసినం గద, రాజమల్లన్నా. జబ్బు బదులు తీసుకునేటోడు ఎవడన్న ఉన్నడా? ఇయ్యాల మా ఇంటాయన. రేపు నువ్వు."

రాజమల్లు లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "నడువుర్రి," అన్నాడు.

అందరూ మెట్లెక్కారు. మహిపాల్ గదిలోకి పోయి చెప్పాడు: "మేడమ్, ఆ ఫైల్ల ఉన్న ఊపిరి నాది. ముగ్గురి పేర్ల మీద నేనే ఊదిన. ఆ క్యాంపుల మా మొఖం జూసినోడే లేడు."

"మోసం! పోలీసులను పిలవండి!" అని చిందులేశాడు రాజేశ్వర్ రావు. దొరికిపోయింది తన క్యాంపేనని ఆయనకు ఆలస్యంగా వెలిగింది.

దీప్తి ఆ ఫైలును పక్కకు నెట్టింది. "కట్టయ్య ఈరోజు ఊదిందే రాస్తాను."

"మాతోని గూడ ఊదిచ్చి రాయి బిడ్డా," అంది మొగిలమ్మ. "ఎవలది వాళ్ళ పేరు మీదనే."

"పరీక్ష చెయ్యాలంటే డాక్టరు చీటీ ఉండాలమ్మా."

"తెస్తం. అందరికి తెస్తం."

పోలీసులు వచ్చి మహిపాల్ కాలర్ పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చారు. మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. పై మెట్టు నుంచి కింది గుమ్మం దాకా కూలీలు కూర్చుని ఉన్నారు.

"లేవండి! ఇది దవాఖాన!" అని లాఠీ ఎత్తాడు ఎస్సై.

"అందుకే కూసున్నం సారూ. రోగులం," అంది మొగిలమ్మ. "పిలగాన్ని ఇడిసిపెట్టు. లేకుంటే అరవై మందిని గట్టుకపో."

ఒక్కరూ లేవలేదు.