పొరుగు వ్యవహారాల కుర్చీ

నేను ఒక కుర్చీని. మామూలు కుర్చీని కాదు, తెల్లదొరల కొలువులో పొరుగు వ్యవహారాల సలహాదారు కోసం పనిగట్టుకుని చేయించిన టేకు కుర్చీని. రెండు రాజ్యాల స్నేహం నా నాలుగు కాళ్ళ మీదే నిలబడుతుందని ఆ రోజుల్లో మనసారా నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఏడాది పొరుగు సంస్థానం వారు కాలువ తలుపులు దించేశారు. మా దొర ఏలే చిన్న పట్టణం చుట్టూ వరిమళ్ళు నెర్రెలు విచ్చాయి. సంస్థానం మర్యాదలు తెలిసిన మనిషి కావాలని, అక్కడి దివాణంలోనే పెరిగిన జోగయ్య పంతులు గారిని సలహాదారుగా వేయాలనుకున్నారు. ఆ నిర్ణయం ఒక్క పూటలో అయిపోయింది. నా ఎత్తు తేలడానికి మాత్రం నెల పట్టింది. దేశీయుడి ఆసనం దొర ఆసనం కన్నా ఎంత తక్కువ ఉండాలని పైవాళ్ళతో ఉత్తరాలు నడిచాయి. ఉత్తరం వచ్చినప్పుడల్లా వడ్రంగి నా కాళ్ళు కాస్త కోసేవాడు. చివరికి పీటకు ఎక్కువ, కుర్చీకి తక్కువ అయ్యాను. అయినా నా పొగరు వీసమెత్తు తగ్గలేదు.

పంతులు గారు పదవిలో చేరిన రోజే సంస్థానం దివాను గారు చర్చలకు వచ్చారు. ముందు కూర్చుంటే ఎదుటివాడి ముందు చిన్నబోతామో, నిలబడితే చిన్నబోతామో దొరకీ తెలియదు, దివానుకీ తెలియదు. గంటసేపు ఇద్దరూ నిలబడే ఉన్నారు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. బయట రైతులు ఎండలో కాచుకుని ఉన్నారు. నేను మాత్రం నన్నెవరు అలంకరిస్తారా అని మురిసిపోతున్నాను.

పంతులు గారు నా వైపే వచ్చారు. నన్ను దాటి వెళ్ళి, కండువా నేల మీద పరిచి చతికిలబడ్డారు.

"క్షమించాలండి దివాను గారూ. నా మోకాళ్ళు మరి నిలబడనివ్వట్లేదండి."

"నావి మాత్రం నిలబడనిస్తున్నాయేవిటయ్యా జోగయ్యా," అంటూ దివాను గారూ పక్కనే కూలబడ్డారు.

ఇక దారిలేక దొర కూడా దిగాడు. నేల మీద ఎవరి ఎత్తూ ఎవరూ కొలవలేదు. సాయంత్రానికి కాలువలో నీళ్ళు వచ్చాయి.

వారం తిరక్కుండానే, దొర సమక్షంలో నేల మీద కూర్చున్నందుకు పంతులు గారి పదవి ఊడింది. వెళ్ళేముందు ఆయన నా చేతిని తడిమి, "నీ తప్పేం లేదులే," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత వచ్చినాయన పదకొండేళ్ళు నాలో కునుకు తీశాడు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. 'ఈ కుర్చీలో కూర్చుని సలహాదారు కాలువ నీళ్ళు తెప్పించారు' అని నా పక్కన అట్ట పెట్టారు. చూడవచ్చిన రైతులు అది చదివి నాకు దండం పెడుతుంటారు. తెప్పించినాయన నాలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.