నాన్న మెడలో అయస్కాంతం

మా నాన్న మెడలో గొలుసు ఉండదు, తాడుకు కట్టిన అయస్కాంతం ఉంటుంది. సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్ళు తీసే ప్లాంటులో ఆయన స్టోర్‌కీపర్. లోపలికి వచ్చే ప్రతి స్టీలు ముక్కకూ దాన్ని ఆనించి చూస్తాడు. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు స్టీలు. మామూలు ఇనుముకు పాలిష్ పెట్టి అమ్మబోయినవాణ్ణి ఒకసారి గేటు దగ్గరే పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. నేను కొన్న గిన్నెలు కూడా ఆ పరీక్ష దాటాకే పొయ్యి ఎక్కేవి.

మా ఆయన అదే ప్లాంటులో ఫిట్టర్. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న ఆయన చేతి గడియారానికి అయస్కాంతం ఆనించాడు. అంటలేదు. "అసలు సరుకేనమ్మాయ్!" అన్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మరిగే ఉప్పునీళ్ళు పోయే పైపు మలుపులో ఉండే వంపు ముక్క, బెండు, ఒకటి మార్చాల్సి వచ్చింది. ఇంజనీరమ్మ కొత్త రకం స్టీలుది తెప్పించింది, డూప్లెక్స్ అంటారు. నాన్న అయస్కాంతం పెట్టాడు. టక్కున అంటుకుంది.

"మామయ్యా, దీని మీద స్టీలు రకం నంబరు రాసుందిగా. మేడమ్‌ని ఒకమాట అడుగుదామా?" అన్నాడు మా ఆయన.

"నంబరు ఎవడైనా రాస్తాడు. అడ్డమైన సరుకూ నా అల్లుడి నెత్తిమీద పెడతానా?"

నాన్న దాన్ని తుక్కులో పడేసి, అరలోంచి తళతళలాడే పాత బెండు తీసిచ్చాడు. దానికి అయస్కాంతం అంటలేదు. మా ఆయన దాన్నే బిగించాడు. "మీ నాన్నకి నేనంటే ఎంత ప్రాణమో చూశావా?" అని ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు.

ఆ బెండు చివరిదాకా మెరుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం మా ఆయన దాని కింద నిలబడి వాల్వు తిప్పుతుంటే పగిలింది. మరిగే నీళ్ళు ఆయన మీద పడ్డాయి.

ఆసుపత్రి వరండాలో ఇంజనీరమ్మను నిలదీశాను.

"పగిలింది కూడా మంచి స్టీలేనమ్మా," అంది. "మన వంటింటి గిన్నెలు అలాంటివే. కానీ వేడి ఉప్పునీళ్ళకి బిగింపు తోడైతే లోలోపల చీలిపోతుంది. మామూలు ఇనుమైతే తుప్పు పట్టి ముందే చెబుతుంది. ఇది చెప్పదు."

"మరి మీరు తెప్పించింది?"

"డూప్లెక్స్‌లో రెండు రకాల రేణువులు చెరిసగం ఉంటాయి. ఒక సగం అయస్కాంతానికి అంటుకుంటుంది. ఆ సగం ఉండబట్టే అంత తేలిగ్గా చీలదు, బలమూ ఇంచుమించు రెట్టింపు. మీ నాన్నగారికి నోటితో చెప్పాల్సింది. నంబరు చాలనుకున్నాను." ఆమె ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఉన్న కోపమంతా ఒక్కరికే సరిపోయింది.

ఆ ఒక్కరూ గోడకు ఆనుకుని అంతా విన్నారు.

"లోపలికెళ్ళి చెప్పు నాన్నా, నువ్విచ్చిన బెండే తప్పని. తనే సరిగ్గా బిగించలేదని ఆయన కుమిలిపోతున్నాడు. నేను చెప్పి చూశాను. మామయ్య చూసిచ్చిన సరుకు పగలదంటాడు. నువ్వు చెబితేనే నమ్ముతాడు."

"కోలుకున్నాక చెబుతానే."

"కోలుకోడు నాన్నా. డాక్టరు చెప్పేశారు. ఆ నింద మోసుకుని పోనివ్వకు."

నాన్న లోపలికి వచ్చాడు. మా ఆయన కళ్ళకు కట్లు. నాన్న వంగగానే మెడలోని అయస్కాంతం ఊగి, మంచం పట్టీకి టక్కున అంటుకుంది.

"మామయ్యా?" పగిలిన పెదాలతో నవ్వబోయాడు మా ఆయన. "మంచం నకిలీదేనా?"

నాన్న దాన్ని ఊడదీసుకోకుండా అలాగే వంగి ఉండిపోయాడు.

"క్షమించండి మామయ్యా. బోల్టులు ఒక పక్కే ముందు బిగించేశానేమో. మీరంత జాగ్రత్తగా చూసిచ్చిన సరుకు పాడుచేశాను."

నేను వెనకనుంచి నాన్న భుజం నొక్కి పట్టుకున్నాను. చెప్పు, చెప్పు అని మనసులోనే అరిచాను.

"పోనీలే బాబూ," అన్నాడు నాన్న. "పడుకో."

పోనీలే! తన తప్పుకు తనే మా ఆయన్ని క్షమించేశాడు. "సరే మామయ్యా," అన్నాడు మా పిచ్చి మారాజు. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

నర్సు దుప్పటి ముఖం మీదికి లాగుతుంటే అప్పుడు పెగిలింది నాన్న నోరు. "బెండు నాదిరా, తప్పు నాదిరా," అని ఆ దుప్పటికి చెప్పుకుంటూ కూలబడ్డాడు. అయస్కాంతం ఇంకా మంచానికే ఉంది. తాడు బిగిసి ఆయన మెడ అటు వంగి ఉంది.

దాన్ని ఊడబెరికి ఆయన చేతిలో పెట్టాను. "మా ఇంటికి రాకు నాన్నా," అన్నాను.