డ్రయ్యర్ పొట్ట మీద తెల్ల అక్షరాలు

మా ఇప్పపువ్వు పరిశోధనకు సర్కారు ఇచ్చిన డబ్బు సద్వినియోగమైందో లేదో చూడటానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు సరేనంటే మూడో ఏడాది నిధులొస్తాయి. కాదంటే ప్రాజెక్ట్ అసిస్టెంటునైన నా ఉద్యోగం గోవిందా.

చిక్కల్లా డ్రయ్యర్‌తోనే. పువ్వు బూజు పట్టకుండా ఎండబెట్టడానికి కొన్న ఆ యంత్రం తొమ్మిది రోజులు తిరిగి, మోటారు కాలి, మూలన కూర్చుంది. రిపేరు కోసం మా ప్రాజెక్ట్ హెడ్ పూర్ణిమ మేడమ్ రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. రెండేళ్లుగా పువ్వంతా రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా డాబా మీదే ఎండబెడుతున్నాను.

"లోపల బల్బు వెలుగుతోంది కదా షారోన్! వాళ్లు రాగానే స్విచ్ వేసెయ్. బల్బు చూసి వెళ్లిపోతారు" అంది మేడమ్. ఆవిడ ధైర్యానికి దండం పెట్టాలి.

మా నాన్న జోసెఫ్ ఈ హిందీ ఊళ్లో రైల్వే వ్యాగన్ల రిపేరు వర్క్‌షాపులో ముప్పై మూడేళ్లు పెయింటరు. ఏ వ్యాగన్ ఎప్పుడొచ్చింది, ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రావాలి అని దాని పక్కన తెల్లరంగుతో రాయడమే ఆయన పని.

"ఇన్‌స్పెక్షనా? మీ మిషన్లకి రాయించారా లేదా? ఒట్టి మిషన్లు చూపిస్తే ఏం ఇజ్జత్ ఉంటదమ్మా!" అన్నాడు.

రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగడం లేదు. పోనీలే, స్టాకు నంబర్లు వేస్తాడని ఒప్పుకున్నాను. ఏ మిషన్ ఎప్పుడొచ్చింది, ఎలా ఉంది అని ఆయన అడుగుతుంటే ఉల్లిపాయలు తరుగుతూ అన్నీ చెప్పేశాను. బుద్ధి గడ్డి తింది.

మర్నాడు నాన్నను ల్యాబ్‌లో దింపి, నేను మోవా బజారుకెళ్లి సమోసాలు తెచ్చేసరికి కమిటీ వచ్చేసి ఉంది. డ్రయ్యర్ పొట్ట మీద అరచెయ్యంత హిందీ అక్షరాలు: వచ్చింది మార్చి 2022. తిరిగింది తొమ్మిది రోజులు. మోటారు ఫెయిల్. రిపేరు పెండింగ్.

మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బల్బు మాత్రం వెలుగుతోంది. పాపం, ఆవిడే వేసినట్టుంది.

"ఇది రాసిందెవరు?" అన్నారు ఛైర్మన్.

"నేనే సాబ్" అని నాన్న బ్రష్షుతో సహా ముందుకొచ్చాడు. "ఖరాబైతే ఖరాబని రాయాల. దాచి పంపితే దారిలో పట్టాలు దిగిపోద్ది."

నాన్న మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

"మరి ఈ ఫలితాలన్నీ ఎక్కడివమ్మా?" అని ఛైర్మన్ నావైపు తిరిగారు.

"మా డాబా మీదివి సార్. పువ్వు ఏరుకునే వాళ్ల ఇళ్లలోనూ డ్రయ్యర్లు లేవు కదా" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "ఇరవై ఏళ్లుగా తనిఖీలు చేస్తున్నాను. పాడైందని రాసి ఉన్న మిషన్ని ఇవాళే చూశాను."

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మూడో ఏడాది మంజూరు! నా ఉద్యోగం ఉంది! నాన్నను పట్టుకుని ఏడ్చేశాను. ఉత్తరం అడుగున ఇంకో ముక్క ఉంది: నిబంధనల్లో రిపేరుకు వీలు లేనందున, కొత్త డ్రయ్యర్ ఒకటి మంజూరు చేయడమైనది.

"మోటారొక్కటి మారిస్తే సరిపోద్ది కదమ్మా?" అన్నాడు నాన్న, మేడమ్‌తో.

"ఫారంలో మోటారుకి కాలమ్ లేదంకుల్" అంది మేడమ్.

పాతదాన్ని తీసెయ్యాలంటే ఇంకో కమిటీ రావాలట. అందుకని కొత్తదానికి చోటు కావాలని నా టేబులూ కుర్చీ బయటపెట్టారు.