గోల్ వెనకాల మనిషి

రిఫరీ ఈల వేసి ఆట ఆపింది. బంతి గీత దాటలేదు, ఎవరూ కింద పడలేదు, ఎవరూ ఎవరి చొక్కా పట్టుకుని లాగలేదు. అయినా ఆపింది. మైదానం ఈ కొసన గోల్‌లో నిలబడ్డ బల్లికి ఎందుకు ఆపిందో వెంటనే తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది.

బల్లి అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు. గోడకు అంటుకున్నట్టు గాల్లో అతుక్కుని బంతి పడతాడని చిన్నప్పుడు వాళ్ళన్నయ్య పెట్టిన పేరు అది. పెట్టిన ముహూర్తం మంచిదేమో, పెద్దయ్యాక కూడా అదే ఉండిపోయింది. ఇప్పుడు ఊరి జట్టుకి కీపరూ అతనే, కెప్టెనూ అతనే.

అవతలి కొసన, ఎదుటి జట్టు కీపర్ వెనకాల, ఊరి అభిమానులు నిలబడే మెట్లు. ఆ మెట్ల మధ్యలో ఒక పెద్ద డ్రమ్ము, ఆ డ్రమ్ము వెనక టైర్ల కొట్టు నడిపే అన్నయ్య. అన్నయ్య కర్ర ఎత్తితే మెట్లన్నీ నోరు తెరుస్తాయి, దించితే మూస్తాయి. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఆ నోళ్ళు ఒకే మాట అంటున్నాయి. ఆ మాట ఇక్కడ రాయనక్కర్లేదు. మగవాణ్ణి ఇష్టపడే మగవాణ్ణి అనడానికి బడి పిల్లలకి కూడా నోటికొచ్చిన మాటే. ఎదుటి కీపర్, ఆ పొడుగాయన, తాను అలాంటివాడినని ఈ మధ్యే పత్రికవాళ్ళకి దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. చెప్పుకున్న మనిషి తన గోల్‌లో నిటారుగా నిలబడి ఉన్నాడు. చెప్పుకోని బల్లికి మాత్రం ఇక్కడ చేతి తొడుగుల్లో చెమట పడుతోంది.

ఆ సంగతి బల్లి ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళూ నోరు నొక్కుకుని బతికాడు. బట్టలు మార్చుకునే గదిలో ఎవడైనా అలాంటి జోకు వేస్తే అందరికంటే ముందు నవ్వేవాడు, నవ్వడం ఆలస్యమైతే పట్టుబడతానని. పోయిన వారం కోచ్ ఒక పెట్టెలో రంగురంగుల బూటు లేసులు తెచ్చి పెట్టాడు. ఇలాంటి ఆటగాళ్ళకి మనం తోడున్నామని చెప్పడానికి, ఇష్టమైనవాళ్ళు కట్టుకోండి అన్నాడు. అందరూ ఆ పెట్టెని దాటుకుని పోయారు. డిఫెండర్ బండ ఒక్కడే ఒక జత తీసుకున్నాడు, అదీ తన పాత లేసు తెగిపోయిందని. బండకి పెళ్ళయింది, కవల పిల్లలున్నారు, వాడు ఏ రంగు లేసు కట్టినా అడిగేవాడు లేడు. బల్లి ఆ పెట్టె వైపు చూడటానికి కూడా భయపడ్డాడు.

రిఫరీ అతన్ని మధ్యకి పిలిచింది. తల నెరిసిన మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

"కెప్టెన్‌వి నువ్వే కదా. వెళ్ళి మీ వాళ్ళకి చెప్పు, ఆ మాట ఆపమను. రూలు తెలుసుగా. ఇంకోసారి వింటే జట్లని లోపలికి పంపేస్తాను."

బల్లి పక్కనే నిలబడ్డ బండ వైపు చూశాడు. "మేడమ్, బండ చెప్తాడు. వాడి గొంతు పెద్దది."

"నాకెందుకురా," అన్నాడు బండ. "డ్రమ్ము కొట్టేది మీ అన్న. నా మాట వింటాడా ఆయన?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వెళ్ళకపోతే మ్యాచ్ పోతుంది. వెళ్ళి, ఆ మాట అనొద్దని అన్నయ్య కళ్ళలోకి చూస్తూ చెప్తే, నీకెందుకురా అంత నొప్పి అని అన్నయ్య అడుగుతాడు. ఆ ప్రశ్న అన్నయ్య నోటి నుంచి వస్తుందన్న భయంతోనే బల్లి ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం తింటున్నాడు. అన్నయ్యా వదినా తప్ప అతనికి ఎవరూ లేరు. వాళ్ళు కాదంటే వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు.

మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. బంతి లేకుండా పరుగెత్తుతుంటే మనిషి ఎంత ఒంటరిగా కనిపిస్తాడో ఆ రోజే తెలిసింది అతనికి. నాలుగు వైపుల నుంచీ జనం తన నడకనీ, మోచేతులు ఊగే తీరునీ పరీక్షగా చూస్తున్నట్టు అనిపించి, మగరాయుడిలా కనిపించాలని భుజాలు బిగించుకున్నాడు.

కంచె దగ్గరికి అన్నయ్య నవ్వుతూ దిగి వచ్చాడు. చేతులకి ఎప్పటిలాగే టైరు మసి.

"ఏంట్రా, మీ మేడమ్‌కి మా పాట నచ్చలేదా?"

"ఆ మాట ఆపించు అన్నయ్యా. మ్యాచ్ ఆపేస్తుందట. మూడు పాయింట్లు పోతాయి."

"అంతేనా. దానికి అంత మొహం వేలాడేశావేం? అతన్ని కాస్త బెదరగొడుతున్నాం, అంతే. ఆటలో ఇవన్నీ మామూలే. మీ వదిన నీకో సంబంధం చూసిందిలే, పెళ్ళయితే గానీ నీకీ బెరుకు పోదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బల్లి కూడా నవ్వాడు, అలవాటు కొద్దీ. వెనక్కి తిరిగేసరికి పొడుగాయన గోల్ స్తంభానికి ఆనుకుని వింటున్నాడు.

"థాంక్స్," అన్నాడాయన నెమ్మదిగా. "రిఫరీ మ్యాచ్ ఆపనంటే, ఆ మాట అన్నా పరవాలేదన్నమాట."

బల్లి తన గోల్‌కి పరుగెత్తాడు. ఆ మాట దారి పొడుగునా అతని వీపుకి గుచ్చుకుంటూనే ఉంది.

అన్నయ్య తమ్ముడి మాట విన్నాడు, తనదైన పద్ధతిలో. మెట్ల మీది ఆ మాట ఆగింది. దాని బదులు, పొడుగాయన బంతి తాకినప్పుడల్లా మెట్లన్నీ కలిసి ముద్దుల చప్పుడు మొదలుపెట్టాయి. డ్రమ్ము దానికి తాళం. మాటైతే రూలుకి దొరుకుతుంది, ముద్దుల చప్పుడు ఏ రూలుకి దొరుకుతుందని వాళ్ళ తెలివి. రిఫరీ మాత్రం అంత అమాయకురాలు కాదు. మళ్ళీ ఈల వేసింది, మళ్ళీ బల్లి వైపు వేలు చూపించింది.

"ఇదే ఆఖరు," అంది.

బల్లి మళ్ళీ పరుగందుకున్నాడు. పొడుగాయన పక్క నుంచే పోవాలి. దగ్గరికి వెళ్ళాక చూశాడు, ఆయన చేతులు వణుకుతున్నాయి. నిటారుగా నిలబడ్డాడని దూరం నుంచి అనుకున్నది ఇదా. ధైర్యం ఉంటేనే చెప్పుకుంటారనీ, తనకది లేదు కాబట్టి చెప్పనక్కర్లేదనీ ఇన్నాళ్ళూ బల్లి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు అక్కడితో సరి.

కంచె పట్టుకుని అన్నయ్యని పిలిచాడు. డ్రమ్ము హోరులో అన్నయ్యకి వినిపించలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏంటన్నట్టు ముందుకి వంగాడు. బల్లి గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. గుండెల్లో ఉన్న గాలంతా కూడగట్టి అరిచాడు.

"ఆపించు అన్నయ్యా. మీరు అనేది నన్నే. ఆయనెలాంటివాడో నేనూ..."

సరిగ్గా అప్పుడే, తమ్ముడి మాట వినపడాలని అన్నయ్య కర్ర దించాడు. మెట్లన్నీ నోరు మూశాయి.

"...అలాంటివాణ్ణే," అన్న మాట ఆ నిశ్శబ్దంలో పడింది.

అన్నయ్య ఒక్కడి చెవిలో వేద్దామనుకున్న మాట ఊరందరి చెవిలో పడింది. బల్లికి తన నోటి మాటని గాల్లోంచి పట్టుకుని మళ్ళీ నోట్లో వేసుకోవాలనిపించింది. ఎన్ని బంతులు పట్టినా ఏం లాభం, అదొక్కటీ పట్టలేడు కదా. అన్నయ్య మొహంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు, నవ్వు లేదు, ఏమీ లేదు. అదే అతన్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

బల్లి తన గోల్‌కి తిరిగి వెళ్ళాడు, సగం ఆట ముగిసే ఈల దాకా ఆట ఎలాగో సాగింది.

గదిలో బల్లి తన మూల కూర్చున్నాడు. పక్కన బట్టలు తగిలించుకునేవాడు తువ్వాలు తీసుకుని అటు మూలకి జరిగాడు, ఫ్యాను గాలి అక్కడ బాగా వస్తుందన్నట్టు. కోచ్ రెండో సగం గురించి ఏదో చెప్తున్నాడు గానీ బల్లికి ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికెళితే తన సామాను గుమ్మం బయట ఉంటుందా, వదిన తన కంచం వేరుగా పెడుతుందా, అదే తిరుగుతోంది బుర్రలో. ఇంతలో బండ వచ్చి బల్లి ఒళ్ళోంచి నీళ్ళ సీసా లాక్కున్నాడు. ఎంగిలి అని కూడా చూడకుండా నోరు ఆనించి సగం తాగి, మూతి తుడుచుకుని, సీసా తిరిగిచ్చాడు.

"ఇందాకట్నుంచి దాహం," అన్నాడు. గదిలో అందరూ చూశారు.

రెండో సగానికి గోల్‌లు మారతాయి. ఇప్పుడు ఆ మెట్ల ముందు నిలబడాల్సింది బల్లి. కీపర్ వెనక్కి తిరిగి చూడకూడదు, చూసిన క్షణంలోనే బంతి వస్తుంది. కాబట్టి వాళ్ళందరికీ వీపు అప్పగించి నిలబడ్డాడు. డ్రమ్ము మోగలేదు. తిట్టినా బాగుండేది. గుసగుసలు వినిపిస్తున్నాయి, మధ్యలో తన పేరు వినిపిస్తోంది. అన్నయ్య ఉన్నాడో, వెళ్ళిపోయాడో తెలియదు.

చిన్నప్పుడు ఇంటి వెనక సందులో రెండు ఇటుకలు పెట్టుకుని ఆడేవాళ్ళు. ఇటుకల వెనకాల మురుగు కాలవ. బంతి వదిలితే కాలవ పాలే, దాంతో బల్లి బెదిరిపోయి అసలు చేతులే చాచేవాడు కాదు. అన్నయ్య అప్పుడు ఆట మానేసి, ఇటుకల వెనకాల, కాలవ గట్టున నిలబడ్డాడు. "పోతే పోనీరా, నేనున్నాగా వెనకాల," అనేవాడు. ఎన్ని సాయంత్రాలు అలా నిలబడ్డాడో. బల్లి కీపర్ అయ్యాడంటే అందుకే.

ఎదుటివాడొకడు దూరం నుంచి కొట్టిన బంతి గోల్ పైనుంచి ఎగిరి మెట్లలోకి పోయింది. మామూలుగా అయితే ఎవరో ఒకరు వెంటనే విసిరేస్తారు. బల్లి తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాచాడు. బంతి రాలేదు. ఇంకాసేపు చాచాడు. రాలేదు. ఇక తిరగక తప్పలేదు.

మెట్లన్నిటి నిండా మొహాలు. మఫ్లరు చుట్టుకున్న ఒకాయన బంతిని పొట్టకి హత్తుకుని పట్టుకున్నాడు. చిన్నప్పుడు బల్లిని ఎత్తుకుని తిరిగిన మనిషే ఆయన, వాళ్ళ వీధివాడే.

"ఒక ముద్దు పెట్టు, ఇస్తాను," అన్నాడు.

కొందరు నవ్వారు. కొందరు తలలు దించుకున్నారు. బల్లి కళ్ళు డ్రమ్ము వైపు పోయాయి. డ్రమ్ము వెనక ఎవరూ లేరు. అన్నయ్య వెళ్ళిపోయాడన్నమాట, అనుకున్నాడు.

అప్పుడు పై మెట్ల నుంచి జనాన్ని పక్కకి తోసుకుంటూ ఎవరో దిగుతున్నారు. అన్నయ్య.

"బంతి ఇటియ్యి," అన్నాడు మఫ్లరాయనతో.

"సరదాకి అన్నాలే. మొదట్నుంచీ మాతో అనిపించింది నువ్వేగా."

"నేనే. నోరు తిరిగేదాకా నేర్పింది నేనే. ఇంకోసారి అనాలనుంటే నా మొహం చూసి అను."

బల్లి ఆ గొంతు విని నివ్వెరపోయాడు. అన్నయ్య గొంతు వణుకుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతు వణకడం ఎప్పుడూ వినలేదు. బంతి చేతులు మారింది. ఒకడు వెనక నుంచి ఏదో కూశాడు, ఆ మాటే, ఈసారి అన్నయ్యని ఉద్దేశించి. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆగలేదు. కంచె దాకా వచ్చి, బంతిని పైనుంచి అందించాడు. మసి చేతులు, రెండూ వణుకుతున్నాయి.

"నీకు భయంగా ఉందా అన్నయ్యా?" అన్నాడు బల్లి, ఇంకేం అనాలో తెలియక.

"ఉందిరా," అన్నాడు అన్నయ్య. కాసేపు తమ్ముడి మొహంలోకి చూశాడు. "మెట్లు దిగి రావడానికే ఇంత భయంగా ఉంది. నువ్వు రోజూ ఇలాగే ఉన్నావా? మన ఇంట్లో, నా పక్కన కూర్చున్నప్పుడు కూడా?"

బల్లి తల ఊపాడు.

అన్నయ్య మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది. రిఫరీ త్వరగా కానివ్వమని ఈల వేసింది.

"వెళ్ళు, ఆడు," అన్నాడు. "మీ వదినకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇద్దరం కలిసి వెళ్దాం."

బల్లి బంతిని గీత మీద పెట్టి, మైదానం వైపు తిరిగాడు. వెనక నుంచి డ్రమ్ము మోగుతుందేమోనని చెవులు రిక్కించాడు. మోగలేదు. బంతి తన్ని, అది గాల్లో ఉండగా ఒక్క క్షణం వెనక్కి చూశాడు. అన్నయ్య డ్రమ్ము దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. కంచెకి ఆనుకుని, ఆటకి వీపు పెట్టి, ఆ మెట్లన్నిటికీ ఎదురుగా నిలబడి ఉన్నాడు.