గోడమీద చొక్కా అంచు

బెర్నిస్ మొగుడి సంచిలో ఉన్ని మేజోళ్ళు కుక్కుతోంది. ఆర్విన్ వాటిని బయటికి తీసి, చుట్టచుట్టి మళ్ళీ పెడుతున్నాడు. రొట్టెల మధ్య పంది మాంసం పెట్టిన పొట్లం, కాఫీ ఫ్లాస్కు, తూటాల పెట్టె అప్పటికే సర్దేశారు. మిగిలింది ఎర్రగళ్ళ చొక్కా. దాన్ని అతను ఒంటికే తొడుక్కున్నాడు.

"కొత్తది. కత్తి పడనివ్వకు," అంది బెర్నిస్.

"ఎప్పుడన్నా పడిందా?"

పడలేదు. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి, పేరూ తారీఖూ రాసి, అడవిలోని వేటగది గోడకు మేకు కొట్టడం ఆర్విన్ వాళ్ళ నాన్న పెట్టిన ఆచారం. అన్న గిల్బర్ట్‌వి ఆ గోడ మీద మూడు ఉన్నాయి. చచ్చిపోయిన బాబాయిలవీ ఉన్నాయి. ఆర్విన్‌ది ఒక్కటీ లేదు.

"మీ అన్నతో కొట్లాడకు."

"ఏడాదంతా నువ్వేగా నోరు విప్పమన్నావు!"

"అడగమన్నాను. కొట్లాడమన్లేదు. ఇదిగో, చీకటి పడేసరికి వచ్చెయ్యి." ట్రక్కు దాకా వచ్చి అతని మెడ దగ్గర బొత్తాం పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు.

అడవి గేటుకు వేలాడుతున్న బోర్డు ట్రక్కు లైట్లలో తెల్లగా మెరిసింది. 'వినోద వేటకు అనువైన అడవి. అమ్మకానికి.'

"వినోదమట!" ఆర్విన్ కిటికీలోంచి ఉమ్మాడు.

కాగితపు మిల్లు మూసేదాకా అందులో పనిచేశాడు. తర్వాత ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. సెలవు దొరికితే ఈ అడవికే వచ్చేవాడు. పొదలు కొట్టి కాలిబాటలు తీసింది అతనే. గది పైకప్పు మార్చింది అతనే. వాగు దాటడానికి రాళ్ళు మోసి వేసిందీ అతనే. తండ్రి అడవిని పెద్దకొడుకు పేరన రాసి, "ఇద్దరూ వేటాడుకోండి" అన్నాడు. ఆ మాట ఆయనతోపాటే మట్టిలో కలిసింది.

తెల్లవారేసరికి మేపుల్ చెట్టు మీది మంచె ఎక్కి కూర్చున్నాడు. వాగు వైపు నుంచి కొమ్ముల జింక ఒకటి తల వంచుకుని వచ్చింది. ఆర్విన్ ఊపిరి బిగబట్టి వేలు నొక్కబోయాడు. జింక వెనక పొదల్లో గోధుమరంగు కోటు కదిలింది. తుపాకీ గొట్టాన్ని విసురుగా పైకెత్తాడు. అప్పటికే వేలు నొక్కేసింది. తూటా పైన్ చెట్ల చివళ్ళలోకి పోయింది. జింక పోయింది. ఆడమనిషి కేక వినిపించింది.

ఒక దళారీ, అడవి కొనడానికి చూద్దామని షికాగో నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలూ. వేటరోజుల్లో మనిషని దూరానికి తెలిసేలా అందరూ వేసుకునే నారింజరంగు ఒక్కరి ఒంటి మీదా లేదు.

"వేట మొదలయ్యే రోజు పొద్దున్నే జింక రంగు కోటేసుకుని అడవిలో తిరుగుతారా! చావాలనుందా మీకు?"

"వీళ్ళకి ఇవాళే కుదిరింది సార్. మీ అన్నగారు సరేనన్నారు," అన్నాడు దళారీ.

ఆర్విన్ గదికి వచ్చేసరికి గిల్బర్ట్ పొయ్యి ముందు మోకాళ్ళు కాచుకుంటున్నాడు.

"కాల్పు వినబడింది. పడిందా?"

"పోయింది."

"నువ్వు తప్పడమేంట్రా!" గిల్బర్ట్ పకపకా నవ్వాడు. తమ్ముడి మొహం చూసి, జరిగింది విని, నవ్వు ఆపేశాడు. "మనిషి అడ్డొస్తే లెక్కలోకి రాదులే."

"కాల్చాను, పడలేదు. లెక్కే. కోయి."

"కోపముంటే నన్ను తిట్టరా."

"తిడితే బోర్డు తీస్తావా?"

గిల్బర్ట్ పొయ్యిలోకి చూశాడు. "నా మోకాళ్ళు పోయాయి. నా పిల్లలకి ఈ అడవి అక్కర్లేదు. నువ్వా, కొనలేవు."

"కొంటావా అని కాదు, అమ్మనా అని అడగాల్సింది! ఒక్కసారి అడిగావా? కుక్కని ఇచ్చేసేటప్పుడు కూడా ఇంట్లోవాళ్ళని అడుగుతారే!"

"వాళ్ళు ఈ గది పడగొట్టేస్తారురా. గోడే ఉండదు."

"కొట్టనీ. కాగితంలో నా పేరెలాగూ లేదు. గోడ మీదన్నా ఉండనీ. పీకేవాడు చదివే పీకుతాడు."

గిల్బర్ట్ కత్తి తీశాడు. అంచు వంకరగా తెగింది. పేరూ తారీఖూ ఆర్విన్ తనే రాశాడు. మేకును ఎంత కసిగా కొట్టాడంటే గోడ చెక్క చీలింది. తుపాకీ తీసుకుని బయటికి నడిచాడు.

"తలుపెయ్యరా! చలి!"

వెయ్యలేదు.

మళ్ళీ మంచె ఎక్కుతుంటే చొక్కా తెగినచోట నడుముకు చలిగాలి తగిలింది. ఎడమచెయ్యి బరువెక్కింది. కోపం వల్లే అనుకున్నాడు. అన్న మీద కోపం, చచ్చిన తండ్రి మీద కోపం, ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నందుకు తన మీద అంతకంటే కోపం. పొద్దు వాలే వేళ తల్లి జింక ఒకటి పిల్లతో మంచె కిందనుంచి పోయింది. అతను తుపాకీ ఎత్తలేదు. ఎత్తాలనుకున్నా చెయ్యి లేవలేదు.

మసక పడుతుంటే గిల్బర్ట్ కర్ర పట్టుకుని కుంటుతూ వెతుక్కుంటూ వచ్చాడు. "ఒరేయ్, దిగరా! దిగు, మాట్లాడుకుందాం," అని కిందనుంచి పిలిచాడు. చాలాసేపు పిలిచాడు. మంచె మీద ఆర్విన్ చెట్టుకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

వేటగది గోడ మీద, వంకరగా కోసిన ఎర్రగళ్ళ గుడ్డ మీద, ఆర్విన్ డ్రేగర్ అని ఉంది. కింద నవంబరు ఇరవైరెండు, శనివారం అని ఉంది. అతను ఇంటికి తిరిగి రానిదీ ఆ రోజే.