ఇసుకదిబ్బ మీద గూళ్ళు

"దిబ్బ మీద గూళ్ళేం లేవని రాసెయ్. సోమవారం టవర్ పనికి మెషిన్లు వస్తాయి," అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కా తొడుక్కుంటూ. ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి, అలాగే రాసిచ్చాను.

ఆయన సముద్రం పక్కనున్న చిత్తడినేలల పార్కుకి ఆఫీసరు. తొమ్మిదేళ్ళుగా పక్షుల సర్వే చేస్తున్నది మాత్రం నేను. వంట ముగించి, అత్తగారికి మందులిచ్చి, బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని బురదలోకి దిగుతాను. రిపోర్టు కింద సంతకం ఆయనది. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివి, కాలక్షేపం దొరికింది," అంటారు అత్తగారు. కిందటేడు అతిథుల ముందు ఆయన ఒక కొంగ పేరు తప్పు చెబితే నోరు జారి సరిదిద్దాను. అందరితోపాటూ ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చాక నన్ను గదిలోకి తోసి బయట గడియపెట్టాడు. మర్నాడు సాయంత్రం దాకా తియ్యలేదు. "వాడి సంగతి తెలిసీ ఎందుకమ్మా నోరు పారేసుకుంటావు?" అన్నారు అత్తగారు తలుపు అవతల నుంచి. అప్పట్నుంచీ ఆయన అడుగుల చప్పుడు వింటే చేస్తున్న పని ఆపి తలుపుకి దూరంగా జరుగుతాను.

ఆ రోజు పదింటికి పై ఆఫీసు నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. మెళ్ళో బైనాక్యులర్స్‌తో నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. దిబ్బ మీద వ్యూ టవర్ కట్టొచ్చో లేదో ఆవిడ తేల్చాలి.

"అక్కడ పిట్టలు అంతలా ముసురుతున్నాయేం?" అనడిగింది గట్టు మీద నిలబడి.

"చేపల కోసమండీ. గూళ్ళేం లేవు," అన్నాడాయన.

"మీరు చూశారా?" అని ఆవిడ నావైపు తిరిగింది.

"తనకేం తెలుసండీ? సరదాగా వెంట వస్తుంటుంది," అని నవ్వుతూ ఆయన నా మోచేతిని వేళ్ళతో బిగించాడు.

నిన్న ఆ దిబ్బ మీద అడుగు వెయ్యడానికి చోటు లేదు. ఎక్కడ చూసినా ఇసుకలో చిన్న చిన్న గుంటలు, వాటిలో చుక్కల గుడ్లు. గుప్పెడంత తల్లిపిట్ట ఒకటి నా మీదికే దూసుకొచ్చి నెత్తిన పొడిచింది. దీనికి భయం వెయ్యలేదా అనుకున్నాను. వేసే ఉంటుంది.

"నూట పన్నెండు గూళ్ళున్నాయండీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "నూట పన్నెండు. లెక్కపెట్టింది నేనే. లేవని అబద్ధం రాసిందీ నేనే."

ఆవిడ నన్నూ, నా మోచేతినీ చూసింది. పనులు ఆపమంది. ఆయన "అలాగే మేడం" అని, నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"పద, ఇంటికెళ్దాం."

ఆ చెయ్యి విడిపించుకుని ఆవిడ జీపు దాకా ఎలా నడిచానో నాకు తెలీదు.

"మేడం, నన్నూ తీసుకెళ్తారా?" అన్నాను. "ఎక్కడికని మాత్రం ఇప్పుడడగొద్దు."